పదకొండు నెలల డీజిలు

బండి ఒక చేతికి అలవాటు పడుతుందనీ, ఆ చెయ్యి పోతే మరో చేతికి లొంగదనీ లారీ నడిపేవాళ్లలో ఒక నమ్మకం ఉంది. బయటివాళ్లు వింటే నవ్వుతారు. అయితే ఆ నవ్వేవాళ్లెవరూ వీధి చివరనున్న ఆ లారీ తాళం తిప్పి చూసినవాళ్లు కారు. తిప్పిన డ్రైవర్లు ఇద్దరే, ఇద్దరూ నవ్వలేదు. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుందని మొదటివాడు చెప్పాడు. రెండోవాడు చెప్పులు చేత్తో పట్టుకునే దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ బండి తోలడానికి రమ్మంటే ఎవరూ రాలేదు.

దాని యజమాని ఆ సీట్లోనే పోయాడు. లోడు దించి, ఇంటి ముందు బండి ఆపి, ఇంజను కట్టేసి, అలాగే స్టీరింగు మీదికి ఒరిగిపోయాడు. అన్నం వడ్డించి పిలవడానికి వచ్చిన భార్య, అలసిపోయి నిద్రపోయాడనుకుని కాసేపు లేపలేదు కూడా. అది జరిగి పదకొండు నెలలు. అప్పటినుంచి లారీ అంగుళం కదల్లేదు.

భర్త ఉండగానే ఖాళీ మైదానాల్లో ఆమె బండి తోలడం నేర్చుకుంది. లైసెన్సు మాత్రం నాలుగు రోజుల కిందటే చేతికొచ్చింది. క్వారీలో లారీకో నంబరు ఉంటుంది. నంబరు లేని లారీకి ఆ చుట్టుపక్కల రాయి దొరకదు, కంకర దొరకదు. భర్త పేరున ఉన్న పద్దెనిమిదో నంబరును ఇన్నాళ్లూ ఆపి ఉంచారు. ఈ సాయంత్రం ఐదింటికల్లా బండి తన ఇంజనుతో తాను నడిచి క్వారీ గేటు దాటితే అది ఆమె పేరుకు మారుతుంది. దాటకపోతే వరసలో ఉన్న తర్వాతివాడికి వెళ్లిపోతుంది.

పొద్దున పదింటికి మెకానిక్ వచ్చాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించి రోగం చెప్పే అలవాటువల్ల అతన్ని అందరూ స్టెతస్కోపు అంటారు. ఈ ఇంజను మాట్లాడదు కనుక ఆ రోజు అతనికి చెవితో పని లేకపోయింది. లారీ కింద దూరి ట్యాంకు అడుగు బిరడా విప్పడం మొదలుపెట్టాడు.

"ఏరా స్టెతస్కోపూ, నాడి దొరికిందా?" అంది ఆమె అత్త గుమ్మంలోంచి.

"దొరికింది పెద్దమ్మా. తాగిందే ఒంటికి పడలేదు."

"మావాడు చుక్క ముట్టేవాడు కాదురా!"

"మీవాడి సంగతి కాదమ్మా తల్లీ, ట్యాంకు సంగతి."

"నువ్వెన్ని విప్పినా అంతే. వాడి కోపం తీరేదాకా వాడు కదలనివ్వడు," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

బిరడా ఊడగానే కారింది డీజిలు కాదు, నీళ్లు. తేటగా, ధారగా, బకెట్టులో సగం దాకా వచ్చాయి. వెనకాలే నల్లటి జిగురు ముద్దలుగా జారింది. ఆఖరున, కాచి కాచి వదిలేసిన టీ రంగులో, ముక్కు మండే వాసనతో పాత డీజిలు. మెకానిక్ ఒక గాజు సీసాలో కొంచెం పట్టి ఎండకు ఎత్తి చూపించాడు.

"గాలిలో తేమకి గ్లాసుడు చేరితే చేరాలి. ఇన్ని నీళ్లు వాటంతట అవే రావు చెల్లెమ్మా. ఎవరో పోశారు."

నంబరు కోసం కాచుకు కూర్చున్నవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే ఆమె కళ్ల ముందు తిరిగాయి. ఈలోగా అతను ట్యాంకు మూత తిప్పి తీశాడు. మూత లోపల ఉండవలసిన రబ్బరు వాషరు లేదు. ఎప్పుడో ఎండిపోయి రాలిపోయింది. మూత చుట్టూ పళ్లెంలా ఉన్న గుంటలో ఇంకా తడి ఉంది.

ఆ తడి ఈ పొద్దుటిదే. అత్త రోజూ తెల్లవారగానే నాలుగు బకెట్లతో కొడుకు బండిని పైనుంచి కిందిదాకా కడుగుతుంది. పదకొండు నెలల్లో ఒక్కరోజు మానలేదు, జ్వరమొచ్చినప్పుడు కూడా.

"అత్తయ్య..." అని ఆమె ఆగిపోయింది. మెకానిక్‌కి అర్థమైంది.

"చెప్పేద్దాం. ఇంక నీళ్లు తగలనివ్వొద్దని ఒక్క మాట అంటే సరి."

"వద్దన్నా. ఆవిడ పొద్దున్నే మంచం దిగుతున్నదే ఈ పని కోసం. సాయంత్రానికి బండి క్వారీకి వెళ్లిపోతుంది, ఇంక కడగడానికి ఏముంటుంది? ఎందుకు చెప్పడం?"

అతను వాదించలేదు. ఆ మాటలో అతనికీ తప్పేమీ కనిపించలేదు.

ట్యాంకును కొత్త డీజిలుతో రెండుసార్లు కడిగి పారబోశారు. గొట్టాలు విప్పి గాలి ఊదారు. ఫిల్టర్లు రెండూ మార్చారు. ఆమె మోచేతుల దాకా నల్లబడింది. ఎండ నడినెత్తి దాటేసరికి రెండు డబ్బాల కొత్త డీజిలు లోపలికి వెళ్లింది. ఇక కావలసినవి రెండే: మూతకు సరిపడే వాషరు, ఛార్జింగుకిచ్చిన బ్యాటరీ. కొలత కోసం మూతను జేబులో వేసుకుని, ట్యాంకు నోటికి గుడ్డ కట్టి, మెకానిక్ స్కూటరు తీశాడు. బ్యాటరీని ఒళ్లో పెట్టుకోవడానికి ఆమె వెనక ఎక్కింది.

వాషరు మూడో దుకాణంలో దొరికింది. వాళ్లు తిరిగొచ్చేసరికి మూడున్నర.

లారీ తళతళలాడుతోంది. టైర్ల కింద నీళ్లు పారుతున్నాయి. అత్త కొంగు బిగించి, ఖాళీ బకెట్టుతో నిలబడి ఉంది.

"పొద్దున కడిగినా నీ గ్రీజు మరకలేరా నిండా. ఇన్నాళ్లకి బయల్దేరుతుంటే ఆ ముఖంతో పంపిస్తామా?"

ట్యాంకు నోటికి కట్టిన గుడ్డ తడిసి లోపలికి జారి ఉంది. మెకానిక్ కింద దూరి బిరడా వదులు చేసి, సీసా పట్టాడు. పాలలాంటి నీళ్లు.

"అత్తయ్యా," అంది ఆమె. "ఆయన కదలనివ్వకపోవడం కాదు. మీరు కడిగే నీళ్లు ట్యాంకులోకి పోతున్నాయి. రోజూ. ఇప్పుడూ పోయాయి."

ఆవిడ సీసాకేసి చాలాసేపు చూసింది. బకెట్టు కింద పెట్టింది.

"అంటే వాడికి నా మీద కోపం లేదా?"

"లేదత్తయ్యా."

ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది.

మెకానిక్ గడియారం చూసుకున్నాడు. "అడుక్కి చేరింది తీసేశాను. మిగతాది డీజిల్లో కలిసి ఉంది. దిగాలంటే గంటన్నర ఆగాలి. మళ్లీ అంతా తోడి కడగాలంటే రెండు గంటలు. క్వారీకి నలభై నిమిషాల దారి. ఇప్పుడే తీస్తే ఆ నీళ్లు డీజిలు పంపులోకి పోతాయి. పంపు పట్టేస్తే ఇంక బాగుచేసేది ఉండదు, మార్చడమే."

"పంపు పోకపోవచ్చా?"

"పోకపోవచ్చు. నేను మాటివ్వలేను."

"బ్యాటరీ కలపన్నా."

అతను వైర్లు బిగించి, చేతి పంపు కొట్టి గొట్టాల్లో గాలి బయటికి తీశాడు. సీసాలో మరో రెండుసార్లు పట్టి చూశాడు. రెండోసారి తెలుపు కొంచెం తగ్గింది. నాలుగూ పదికి ఆమె సీటెక్కి తాళం తిప్పింది. మొదటి ప్రయత్నంలోనే ఇంజను అందుకుంది. మెకానిక్ పక్క సీట్లోకి ఎక్కాడు. బండి వీధి దాటింది.

గేటుకు కిలోమీటరున్నర ఉందనగా, నాలుగూ నలభై నాలుగుకి, తెల్లటి పొగ వచ్చి ఇంజను ఆగిపోయింది. పంపు పట్టేసింది. ఐదింటికి క్వారీ గేటు దగ్గర పద్దెనిమిదో నంబరును మరొకరి పేర రాశారు.