పదిహేను చుక్కలు

ఎస్తేరు పరకాల దగ్గరి పల్లె నుంచి వరంగల్‌లోని ఒక మిషన్ దవాఖానాకు నర్సు ట్రైనింగు కోసం వచ్చింది. 1978 సంగతి. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. రోజూ పొద్దున్నే ట్యూటర్ సుశీల సిస్టర్ డిక్టేషన్ చెప్పేది. ఎస్తేరు కాగితం ఎర్ర సిరాతో నిండిపోయేది. చెవికి స్టమక్ అని వినబడితే చివర కె రాసేది. సిస్టర్ దాన్ని కొట్టేసి సి, హెచ్ అని దిద్దేది.

ఎస్తేరు కొన్నాళ్లు చూసి, వచ్చి తీసుకుపొమ్మని తండ్రి దావీదుకు కార్డు రాసింది. మర్నాడు సిస్టర్‌కూ చెప్పింది.

"నాతోని కాదు సిస్టర్. ఇంటికి పోత."

"పోదువు గాని. ఇయ్యాల డిక్టేషన్ నువ్వు చెప్పు," అని సిస్టర్ పుస్తకం ఆమె చేతికిచ్చి వెనక బెంచీలో కూర్చుంది.

ఎస్తేరు ముందుకొచ్చి చదివింది. పసిబిడ్డకు మందు పదిహేను చుక్కలు వేయాలన్న వాక్యం ఒకటుంది. కాగితాలు చూస్తే సగం మంది యాభై అని రాశారు.

"నువ్వు ఫిఫ్టీ అన్నవ్ గద!" అంది ఆమె గదిలోనే ఉండే సారమ్మ.

"కాదు, ఫిఫ్టీనే అన్న!"

"గదే, మేం గూడ ఫిఫ్టీనే రాసినం!"

క్లాసంతా నవ్వింది. సిస్టర్ నవ్వలేదు.

"యాభై చుక్కలు పోస్తే ఆ బిడ్డ గతేంది?"

ఆమె లేచి వచ్చి రెండు మాటలూ పలికి చూపింది. ఫిఫ్టీని మొదట్లో ఒత్తి పలకాలి, తోక పొట్టి. ఫిఫ్టీన్‌కు చివర సాగాలి, నకారం పూర్తిగా వినబడాలి. అందరూ సరిగ్గా రాసేదాకా ఎస్తేరు చేత పలికించింది.

ఎస్తేరుకు సిగ్గు కంటే భయం ఎక్కువైంది. ఇన్నాళ్లూ తప్పంతా రాసే చేతిదే అనుకుంది. ఆ సాయంత్రం తానే సారమ్మను వరండాలోకి పిలిచింది. ఒకరు చదివితే ఒకరు రాశారు. తప్పు పోయిన చోటల్లా "నీకెట్ల ఇనబడ్డది?" అని అడిగి మళ్లీ పలికింది. రోజూ అదే పని.

ఆదివారం దావీదు వచ్చాడు. మెట్ల మీద కూర్చుని, అర్థం కాకపోయినా బిడ్డ చదువుతుంటే విన్నాడు.

"మంచిగనే చదువుతానవ్ గద బిడ్డా. మరి పోదామా?"

"లేదు బాపూ. ఇంక శాన తప్పులు వస్తానయ్. అవి దిద్దుకోవాలె."

దావీదు తెచ్చిన మక్క గారెలు ఆమె చేతిలో పెట్టి, బస్సు టైమయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఆ ఏడు ఎస్తేరు ఇంగ్లీషులో గట్టెక్కింది. గొప్ప మార్కులేం రాలేదు. కానీ వార్డులో డాక్టరు చెప్పిన మందును తిరిగి పైకి చెప్పి, ఔనంటేనే సీసా ముట్టేది. కొందరు విసుక్కునేవారు. అయినా అడిగేది.