శుక్రవారం దాకా

బాలలక్ష్మి ఇంట్లో ఏ ముచ్చటైనా శుక్రవారమే తేలాలి. భర్త రాయమల్లు మస్కట్‌లో, కట్టే భవనాల మీద సెంట్రింగ్ పని చేస్తాడు. వారానికి ఆ ఒక్కరోజే అతనికి సెలవు. మిగతా రోజుల్లో ఫోన్ చేస్తే "తిన్నవా, మంచిగున్నవా" అంతే. ఇంటి సంగతి ఒక్క ముక్క ఎత్తకూడదు. అక్కడే పనిచేసే పక్కింటి కిష్టవ్వ కొడుకు ఇట్లాగే రాత్రి ఫోన్‌లో ఇంటి పంచాయితీ విని, నిద్రలేక, తెల్లారి మూడో అంతస్తు నుంచి జారిపడి పెట్టెలో ఊరికొచ్చాడు. అప్పటి నుంచి ఆ వాడలో ఆడవాళ్లందరికీ అదే కట్టుబాటు. ఇదేం కట్టుబాటని నవ్వుతారేమో! ఆ పెట్టె మోసిన వాళ్లను అడిగి నవ్వండి.

సోమవారం ఆమె బిడ్డ వనితకు రెండు సీట్లు వచ్చాయి. పెద్దపల్లి పక్క పల్లెలో సర్కారు బడిలో పది చదివిన పిల్లకు ఒకటి కాదు, రెండు! కరీంనగర్‌ గురుకులంలో డాక్టరీ ఎంట్రెన్స్ బ్యాచ్ ఒకటి, ఆదిలాబాద్‌లో ఐఐటీ బ్యాచ్ ఇంకొకటి. రెండుచోట్లా చదివించి చంపుతారు, కానీ తిండీ బసా ఉచితం. లెక్కల సారు వెంకటేశ్ ఇంటికే వచ్చి చెప్పాడు.

"రెండిట్ల ఒకటి పట్టుకోవాలమ్మా. గురువారం దాకనే టైం. నువ్వొచ్చి ఒక్క సంతకం పెడితే అయిపాయె."

"శుక్రారం పెడ్త సారూ. ఆయనకు చెప్పకుంట నేనెట్ల పెట్టాలె?"

"అప్పటిదాక సీటుంటదా? ఎనుక పిల్లలు లైన్ల ఉన్నరు."

"ఒక్కరోజుకే ఏం మునుగుతది సారూ!"

సారు తల పట్టుకుని వెళ్లిపోయాడు.

వనితకు లెక్కలంటే ప్రాణం. కానీ బిడ్డ డాక్టరు కావాలని బాపుకు ఉందేమో! ఆయన మనసు తెలియకుండా ముందుకు పోవడానికి ఆ పిల్లకూ భయమే. అందుకే మొదట గట్టిగా కొట్లాడలేదు. మంగళవారం బతిమిలాడింది, బుధవారం అలిగి అన్నం మానేసింది. గురువారం ఇక ఆగలేక తల్లి ముందే ఫోన్ అందుకుంది.

"అవ్వా, బాపుకు నేనే చెప్త."

బాలలక్ష్మి ఫోన్ గుంజుకుంది. "నీ సదువు మీద మన్నువడ! గిది విని ఆయన పరేషానై, పొద్దుగాల కాలు జారితే, నీ సీటు తెచ్చిస్తదా మీ బాపును?"

వనిత మళ్లీ ఫోన్ ముట్టలేదు.

చీకటి పడే వేళకు సారు ఫోన్ చేసి, రెండు సీట్లూ వేరేవాళ్లకు పోయాయని చెప్పాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని వనిత ఏడ్చింది. బాలలక్ష్మి కూడా ఏడ్చింది గానీ, పొయ్యి దగ్గర, బిడ్డకు కనపడకుండా.

శుక్రవారం రాయమల్లు తలకు నూనె రాసుకుని వీడియో కాల్‌లోకి వచ్చాడు. బాలలక్ష్మి రెండు సీట్లు వచ్చాయన్నంత వరకే చెప్పగలిగింది. తర్వాత ఫోన్ బిడ్డ చేతిలో పెట్టేసింది.

"అరే, ఇనుండ్రి! నా బిడ్డకు రెండు సీట్లొచ్చినయి!" అని అతను రూములోని తోటి కూలీలందరికీ వినపడేలా కేకవేశాడు.

"ఏది తీసుకోవాలె బాపూ?" అని అడిగింది వనిత. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు.

"నన్నడుగుడేందే పిచ్చిదానా! ఏడో తరగతిల బడి బంద్ జేసినోన్ని, నాకేమెరుక? నీకు ఏది మనసైతే గది తీస్కో."

"లెక్కలు బాపూ."

"శాబాష్!" రూములో వాళ్లు చప్పట్లు కొట్టారు. రాయమల్లు కళ్లు తుడుచుకున్నాడు. "మరి ఎన్నడు పోవాలె బిడ్డా?"

తెల్లవారితే ఆయన మళ్లీ పనికెక్కాలి.

"వచ్చే శుక్రారం చెప్త బాపూ" అంది వనిత.