బరువు ప్రకారం సీట్లు

మా బుకుసు తెగ వాళ్ళలో అత్తగారూ అల్లుడూ ఒకరి ముందు ఒకరు నోరు తెరిచి తినరు. ఒక బెంచీ మీద కూర్చోరు. నేరుగా మాట్లాడుకోరు. దారిలో ఎదురైతే ఎవరో ఒకరు పొదల్లోకి తప్పుకుంటారు. ఈ మర్యాదను మా అమ్మ సెలీనా పాటించినంత గట్టిగా మా వైపు ఇంకెవరూ పాటించరు. అలాంటి అమ్మ, నా పెళ్ళయిన పదకొండో రోజున, ఆరు సీట్ల విమానంలో నా మొగుడి మోచేతికి మోచేయి తగిలేలా కూర్చోవలసి వచ్చింది.

మా ఆయన ఖాయెంబా, మారా అనే సింహాల మైదానంలో ఒక సఫారీ క్యాంపులో వంటవాడు. నేను అక్కడి పిల్లల బడిలో చేరబోతున్నాను. సింహాల మధ్య కూతురి కాపురం ఎలా ఉంటుందో చూడాలని అమ్మ పట్టుబట్టింది. అల్లుడు లారీలో వస్తాడు, మనిద్దరం సరుకుల విమానంలో వెళ్దాం అని నేనంటేనే బయల్దేరింది. తీరా ఆ పొద్దున లారీ చెడిపోయింది. విల్సన్ ఎయిర్‌పోర్టులో అమ్మ ఇన్సులిన్ సూది వేసుకుని, బెంచీ మీద కూర్చుని జావ ఫ్లాస్కు తీసేసరికి ఎదురుగా అల్లుడు, గుడ్ల ట్రేలు మోసుకుంటూ! ఫ్లాస్కు బుట్టలోకి వెళ్ళిపోయింది. భుజం మీది లేసో గుడ్డ ముసుగై ముఖం మీదికి దిగింది.

పైలట్ ముకామీ మా అందరినీ తూకం మీద నిలబెట్టింది.

"బరువైన వాళ్ళు మధ్యలో. బక్కపిల్ల తోకలో. గుడ్లు నా పక్కన."

"అమ్మాయ్, నేను తోకలో కూర్చుంటానే" అంది అమ్మ ముసుగులోంచి.

"కూర్చో అమ్మా. తోక బరువై అందరం వెల్లకిలా ఎగురుదాం."

నేను తోకలో క్యాబేజీ బస్తాల మధ్య ఇరుక్కున్నాను. అయినా నాకేం కొదవ? కళ్ళ ముందే ఖాయెంబా మెడ. పెళ్ళికి చేయించుకున్న క్షవరం గీత ఇంకా చెరగలేదు. ఎడమ చెవి కొస కొంచెం మడత పడి ఉంటుంది, పదకొండు రోజులుగా దాన్నే చూస్తున్నా తనివి తీరలేదు. ముకామీ బెల్టుల గురించీ, ఖాయెంబా పక్కనున్న తలుపు గురించీ ఏదో చెప్పింది. నేను వినలేదు. అమ్మ ముసుగు తీయలేదు. ఖాయెంబా ఒక్కడే బుద్ధిగా తలాడించాడు.

ముప్పావు గంటలో మట్టి రన్‌వే మీద దిగాం. ఇంజను ఆగింది. "మారా వచ్చేసింది" అని చప్పట్లు కొట్టబోయాను.

"ఎవరూ కదలొద్దు" అంది ముకామీ.

పొడి గడ్డిలోంచి ఒక ఆడసింహం, దాని వెనక ఇంకో రెండు ఆడసింహాలు, నాలుగు కూనలు వచ్చాయి. ఆ మైదానంలో కనుచూపు మేర నీడంటే మా రెక్కల కింద ఉన్నదే. వచ్చి, సొంత ఇంటి అరుగెక్కినట్టు పడుకున్నాయి. ఒక కూన ముందు చక్రాన్ని ఆనుకుని నిద్రపోయింది. ఇంజను వేస్తే ప్రొపెల్లరుకి బలైపోతుంది.

ముకామీ రేడియోలో మాట్లాడి మా వైపు తిరిగింది. "జీపు ఏటి బురదలో దిగబడిందట. గంటో, రెండు గంటలో."

మొదటి అరగంట నాకు పండగే. కూనల తోకలు లెక్కపెట్టాను. తర్వాత రేకు కాలింది. కిటికీ పలక జానెడే తెరుచుకుంటుంది, అందులోంచి గాలి కాదు, ఈగలు వచ్చాయి. క్యాబేజీ వాసన గొంతులో కూర్చుంది. కాలు చాపుదామంటే బస్తా, మెడ ఎత్తుదామంటే కప్పు. అప్పుడు అమ్మ వేళ్ళ వైపు చూశాను. వణుకుతున్నాయి. మెడ మీద చెమట ధార కట్టింది. సూది వేసుకుని రెండు గంటలైంది, కడుపులో ఏమీ లేదు. పోయినేడు చర్చిలో ఇలాగే వణికి, అలాగే పడిపోయి, రెండు రోజులు ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదు.

"అమ్మా, జావ తాగు."

"దిగాక."

ఖాయెంబా కిటికీ వైపే చూస్తూ అన్నాడు. "నంజాలా, మీ అమ్మగారికి చెప్పు, నేను కళ్ళు మూసుకుంటానని."

"నంజాలా, మీ ఆయనకి చెప్పు, చెవులకి రెప్పలుండవని."

నా లేసో విప్పి ఇద్దరి మధ్యా తెరలా పట్టుకున్నాను.

"మింగే చప్పుడు గుడ్డ ఆపుతుందా?" అంది అమ్మ. మాట ముద్దగా వచ్చింది.

"అమ్మా, చచ్చిపోతావే!"

"మర్యాదగా పోతాను."

కాసేపటికి కిటికీలోంచి సింహాలను చూస్తూ గొణిగింది. "నఫులా, ఆవులు ఇంటికొచ్చాయా?" నఫులా మా చనిపోయిన పిన్ని. నా చేతుల్లోంచి తెర జారిపోయింది. పదకొండు రోజుల సంబరమంతా ఆ ఒక్క మాటతో ఆవిరైంది.

ఖాయెంబా బెల్టు విప్పాడు.

"నంజాలా, చెప్పు. నేనుంటేనే కదా తిననిది. నేను దిగుతున్నా."

పిడి తిప్పాడు. తలుపు బెత్తెడు తెరుచుకుంది. సింహాల వాసన గుప్పున లోపలికి వచ్చింది. పెద్ద ఆడసింహం తల ఎత్తి ఆ సందు వైపు చూసింది. ముకామీ వెనక్కి తిరిగింది, ఏదో అనబోయి నోరు మూసుకుంది. నేను కేక పెట్టాను, కానీ అమ్మ కేక నా కేకను మింగేసింది.

"కూర్చోరా వెధవా! ముయ్యి ఆ తలుపు! పదకొండు రోజులకే నా పిల్లని విధవను చెయ్యడానికా ఓలి కింద అన్ని ఆవుల్ని తోలుకొచ్చావు?"

ముసుగు ఊడి ఒళ్ళో పడింది. బుట్టలోంచి అరటిపండు లాగి, తొక్క పళ్ళతో చీల్చి, సగం ఒక్కసారే కొరికింది.

"చూడు! కళ్ళారా చూడు! నీ అత్త తింటోంది!"

ఖాయెంబా తలుపు మూశాడు. ఫ్లాస్కు మూత విప్పి తియ్యటి రాగి జావ పోసి ఇచ్చాడు. అతని చేతిలోంచే అందుకుని, చప్పుడు చేస్తూనే తాగింది. చెమట మెల్లగా ఆరింది. నేను క్యాబేజీల మీద తల పెట్టి ఏడ్చాను.

ఆ తర్వాత జీపు రావడానికి ఇంకో గంట పట్టింది. ఆ గంటంతా అమ్మ నోరు ఆగలేదు. ఉగాలి మొక్కజొన్న ముద్ద ఎలా కలుపుతావు, తాగుతావా, అరుస్తావా, బొగ్గు తడిస్తే ఏం చేస్తావు? ఖాయెంబా పారిపోవడానికి లేదు. అటు అత్తగారు, ఇటు సింహాలు.

మధ్యాహ్నానికి జీపు హారను కొట్టుకుంటూ వచ్చింది. సింహాలు ఒళ్ళు విరుచుకుని, మనసొప్పక లేచి వెళ్ళిపోయాయి. అమ్మ తలుపు వైపు ఒరిగింది.

"ఆగమ్మా, ఫ్లాపులు ఎత్తనీ" అంది ముకామీ. "రెక్క వెనక పలకలు దించి ఉంటే ఆ తలుపు బెత్తెడు కంటే తెరుచుకోదు. పొద్దున చెప్పాగా!"

అమ్మ ముసుగు లేని ముఖంతో అల్లుడి వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

ఖాయెంబా గుడ్ల ట్రేల వైపు చూశాడు. "నెలకి రెండుసార్లు ఎక్కుతానండి."

అతని ఎడమ చెవి మడత ఎర్రబడింది. అమ్మ బుట్టలో చేయి పెట్టి వెతికింది. చివరి అరటిపండు తీసింది.

"ఇది తిను. ఇక్కడే, నా ఎదుటే. నువ్వెలా నములుతావో నేనూ చూడాలిగా."

అతను తిన్నాడు. నన్ను తోకలోంచి దింపాలన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. నేనూ గుర్తు చేయలేదు.