ఆ పూట నేను సంచిలో ఉన్నాను

నేను ఒక కళ్లజోడును. దళసరి అద్దాలు, నల్ల ఫ్రేము, ఒక కాడ విరిగితే చుట్టిన తెల్లదారం. నన్ను ఎక్కడ తయారుచేశారో నాకు తెలియదు. మీరు పుట్టిన రోజు మీకు గుర్తుందా ఏమిటి? ఒక ఉచిత కంటి శిబిరంలో దీవెనమ్మ ముక్కు మీద కూర్చోబెట్టారు, అక్కణ్ణుంచే నా బతుకు మొదలు.

దీవెనమ్మది చీరాల వైపు సముద్రపు ఒడ్డున ఒక పాలెం. ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేస్తుంది. ఆదివారం బడిలో పిల్లలకి బొమ్మలు చూపించి బైబిలు కథలు చెబుతుంది. అలా ఆవిడ దగ్గర కథలు విని పెరిగిన తీతు పెద్దయ్యాక వేటకెళ్లి తుఫానులో చిక్కుకున్నాడు. పడవ ముక్కలు ఒడ్డుకొచ్చాయి, మనిషి రాలేదు. రెండేళ్లు చూసి, సంఘం వాళ్లు అతని చొక్కా ఒకటి సమాధుల దొడ్లో పాతిపెట్టి సిలువ నాటారు. అతని భార్య ప్రిస్కిల్లకి ముప్పై ఏళ్లు కూడా లేవు. ఒక దర్జీ, నెమ్మదస్థుడు, చేసుకుంటానన్నాడు. ఈస్టరు వెళ్లగానే పెళ్లి అనుకున్నారు.

సరిగ్గా అప్పుడే దీవెనమ్మ ఒంగోలు వెళ్లింది. బస్టాండులో చెమటకి జారిపోతున్నానని నన్ను తీసి సంచిలో పడేసింది. కదిలిపోతున్న బస్సులోంచి ఎవరో "బొమ్మల పిన్నీ!" అని కేకేశారు. లోకంలో ఆవిణ్ణి అలా పిలిచేది తీతు ఒక్కడే. ఆవిడ నన్ను వెతుక్కునేలోపు బస్సు వెళ్లిపోయింది.

కేక నాకూ వినపడింది. వినపడిందనే అనుకుంటున్నాను. ఆ తరవాత దీవెనమ్మ ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పిందంటే, నాకు గుర్తున్నది ఆ కేకో, ఆవిడ చెప్పిన కేకో ఇప్పుడు తేల్చుకోలేను. మొదట చెప్పినప్పుడు కిటికీలో చెయ్యి ఒక్కటే ఊగింది. నాలుగోసారికి ఆ చేతికి చొక్కా వచ్చింది. పదోసారికి చొక్కా నీలం రంగుకి తిరిగింది. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు, ఒట్టు. పిలుపు మాత్రం ఒక్కసారీ మారలేదు.

సంఘ పెద్ద ఆశీర్వాదం అందరిముందూ అడిగాడు. "కళ్లజోడు పెట్టుకునే చూశావా, దీవెనమ్మా?"

"లేదయ్యా. సంచిలో ఉంది."

"మరి సాక్ష్యమని ఎట్టా అనుకోమంటావు? ఆ పిల్ల బతుకు పాడుచెయ్యమాక."

నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్కసారి ముక్కు మీద ఉండి ఉంటే!

ఈస్టరు తెల్లవారుజామున అందరూ సున్నం కొట్టిన సమాధుల మధ్య కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు. అదే ఆశీర్వాదం వాక్యం చదివాడు. సమాధి ఖాళీగా ఉందని తోటలో ఏడుస్తున్న మరియ, తిరిగి లేచిన యేసును చూసిందట, తోటమాలి అనుకుందట. ఆయన పేరు పెట్టి పిలిచాకే గుర్తుపట్టిందట. ఆమె వెళ్లి చెప్పింది, ఆ చెప్పిన మాట ఇన్ని వందల ఏళ్లుగా నిలిచింది, అని ఆశీర్వాదం కళ్లొత్తుకున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ మరియకి కళ్లజోడు ఉందా అని ఒక్కరూ అడగలేదు. ఈ మనుషులు నాకు అర్థంకారు.

ఆరాధన అయ్యాక ప్రిస్కిల్ల దీవెనమ్మ దగ్గరికొచ్చింది. "అత్తా, మా ఆయన పిలిచినట్టు ఒక్కసారి పిలువు."

దీవెనమ్మ పిలిచింది, చివర్న కాస్త సాగదీసి. ప్రిస్కిల్ల నేరుగా చొక్కా పాతిన చోటికి వెళ్లి, రెండు చేతులతో సిలువ పెరికేసింది. దర్జీకి వద్దని కబురు పంపింది.

మూడేళ్లయింది. తీతు రాలేదు. దర్జీకి వేరే పెళ్లయి ఒక కూతురు పుట్టింది. దీవెనమ్మకి తిండి సయించకుండా పోయింది. పడుకుంటే నిద్రలేదు. "నిజంగా విన్నానా?" అని తనలో తను అనుకునేది. నాకు తెలిస్తే చెప్పనా?

మొన్న మంచం పట్టిన దీవెనమ్మ, ఎండు చేపల తట్ట దించి చూడ్డానికొచ్చిన ప్రిస్కిల్ల చెయ్యి పట్టుకుంది. నన్ను తుడిచి మరీ పెట్టుకుంది, ఆ ముఖం సరిగా కనబడాలని.

"నేను పొరబడ్డానేమోనే, పిల్లా. వేరెవరినో పిలిచారేమో. నీ బతుకు నేనే చెడగొట్టాను."

ప్రిస్కిల్ల దుప్పటి సర్దింది. "నువ్వు విన్నది చెప్పావు, అత్తా. నమ్మింది నేను."