దొంగ పిడికెడు

మా అమ్మ వేరుశనగలు వేయించే షెడ్డులో రుచి చూసే మనిషి. ఒక్కో వాయి బట్టీ నుంచి దిగగానే రెండు పలుకులు తీసుకుని, ఊదుకుని, ముందుపళ్లతో కొరికేది. "ఇంకో రెండు నిమిషాలు" అంటే రెండు నిమిషాలే. "దించండి" అంటే ఇక దించాల్సిందే. పదకొండేళ్లు అలా కొరికింది.

షెడ్డు మేస్త్రీ మా మేనత్త, నాన్నకు అక్క. ఎవరి నాలిక ఎంత గట్టిదో తేల్చడానికి అత్త దగ్గర ఒక పద్ధతి ఉంది. చెప్పాపెట్టకుండా మంచి వాయిలో ఒక పిడికెడు ముక్కిన సరుకు కలిపేస్తుంది. దాన్ని షెడ్డులో దొంగ పిడికెడు అంటారు. పట్టుకున్న మనిషి రుచి దగ్గరే ఉంటుంది, పట్టుకోలేని మనిషి సంచులు కుట్టడానికి పోతుంది. అమ్మ ఒక్కసారి కూడా తప్పలేదు. "మా మరదలి నాలిక ముందు మిషన్లెందుకు" అని అత్తే అందరికీ చెప్పుకునేది.

తర్వాత ఆ వైరస్ జ్వరం వచ్చింది. మా వీధిలో అందరికీ వచ్చి, అందరికీ పోయింది. అమ్మకు మాత్రం ఎనిమిది నెలలైనా వదల్లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చెబుతున్న మాట మధ్యలోనే మరిచిపోయేది. పోయిన వాసన కొంచెం కొంచెంగా తిరిగొస్తోందని సంతోషించేలోపు ఇంకొకటి మొదలైంది. పలుకు కొరికితే పెదవులు జివ్వుమనేవి, మెడ నిండా దద్దుర్లు లేచేవి.

ఆ రోజు నేను అమ్మకు మాత్రలు ఇవ్వడానికి షెడ్డుకు వెళ్లాను.

"వదినా, నన్ను సంచుల దగ్గరికి మార్చండి. పలుకులు పడటం లేదు" అంది అమ్మ.

"పదకొండేళ్లు పడ్డవి ఇవాళ పడకపోవడమేంటి?"

"జ్వరం తర్వాత నుంచే వదినా."

"ఆ జ్వరం నాకూ వచ్చింది. రెండో వారానికి బస్తాలెత్తాను. నీకే రోజుకో కొత్త జబ్బు పుట్టుకొస్తోంది. రేపు పనే పడదంటావు."

బట్టీ దగ్గరివాళ్లు నవ్వారు. నాన్న బస్తా భుజానికెత్తుకుని, వినిపించనట్టు పక్కనుంచి వెళ్లిపోయాడు. నలుగురిలో నాకు నోరు పెగలదు. మాత్రల చీటీ నలుపుతూ నిలబడ్డాను.

"సరే, చూద్దాం" అంది అత్త.

ఆదివారం మధ్యాహ్నం మమ్మల్ని భోజనానికి పిలిచింది. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. అత్త అమ్మ పళ్లెంలోని కూరలో వేరుశనగ పొడి కలుపుతోంది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు కూడా.

"ఒక్క చెంచానే. పట్టుకుంటుందో లేదో చూద్దాం. నువ్వు నోరు మెదపకు, మీ అమ్మ మంచికే."

పళ్లెం నా చేతికే ఇచ్చింది. నేను తీసుకెళ్లి అమ్మ ముందు పెట్టాను. అత్తంటే భయం, అది ఒక కారణం. ఇంకొకటి కూడా ఉంది. ఎనిమిది నెలలుగా ఇంటి పని నా మీద పడింది. అమ్మ నిజంగానే వంక చెబుతోందా అని నాకూ ఒక మూల అనుమానం ఉండేది.

అమ్మ నాలుగు ముద్దలు తింది. అత్త నా వైపు చూసి కళ్లతోనే నవ్వింది. ఐదో ముద్ద చేతిలో ఉండగానే అమ్మ మెడ గోక్కోవడం మొదలుపెట్టింది. పెదవులు చూస్తుండగానే వాచాయి. నన్ను పిలవబోయింది, గొంతులోంచి గాలి ఈల వేసినట్టు వచ్చింది.

నాన్న ఎత్తుకుని పరిగెత్తాడు. ఆసుపత్రి వీధి చివరే.

"ఏం తింది?" అంది డాక్టరమ్మ.

"మామూలు భోజనమేనండి" అంది అత్త. "ఆ పాత జ్వరం తాలూకు ఆయాసమే. ఎప్పుడూ ఉండేదే."

నాన్న తలూపాడు. ఆయనకు తెలియదు. డాక్టరమ్మ అమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి వినబోతోంది. అమ్మ గోళ్లు నీలంగా మారుతున్నాయి.

"అబద్ధం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "వేరుశనగ పొడి తింది. అది అమ్మకు పడదు. అత్త కలిపింది, నేను చూశాను."

"నోర్ముయ్యవే" అంది అత్త.

"నువ్వు ముయ్యి."

డాక్టరమ్మ ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. అమ్మ తొడకు సూది వేసింది. కాసేపటికి ఊపిరి తిరిగింది.

తర్వాత నాన్నకు చెప్పింది. ఇలాంటి జ్వరాలు లోపల సద్దుమణగకపోతే, కొందరికి అంతకుముందు హాయిగా తిన్నవే పడకుండా పోతున్నాయట. ఎందుకో ఇంకా పూర్తిగా తెలియదట. జ్వరంతో పోట్లాడిన ఒళ్లు ఆ పోట్లాట ఆపలేక, తిండిని కూడా శత్రువనుకుంటుందేమోనట. "ఆమె చెప్పినప్పుడే నమ్మి ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదు" అంది.

బయటికి రాగానే నాన్న నన్ను పట్టుకున్నాడు. "పెద్దావిడను అలా అంటావా? ఇంటి గుట్టు బజారున పెడతావా?" అమ్మ చావబోయిందన్న మాట ఆయన నోట రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. "అమ్మ ప్రాణం గుట్టా నాన్నా?" అన్నాను.

వారానికి అమ్మను సంచుల దగ్గరికి మార్చారు. ఆ గది షెడ్డుకు దూరంగా ఉంటుంది, పొట్టు దుమ్ము అక్కడిదాకా రాదు. బడి అయ్యాక నేనూ వెళ్లి పక్కన కూర్చుంటున్నాను. ఒక సాయంత్రం అత్త నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని అక్కడికి వచ్చింది.

"పాపం, ఏదో పొరపాటున కూరలో కలిసింది" అని వాళ్లకు చెబుతోంది. "నేనే కదా దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్లింది."

"పోనీలెండి వదినా" అంది అమ్మ, తలెత్తకుండా.

నేను లేచి నిలబడ్డాను.

"పొరపాటు కాదు. మా అమ్మ మీద దొంగ పిడికెడు వేసింది. అబద్ధమాడుతోందేమో చూడాలని వేసింది."

"చిన్నపిల్ల, దానికేం తెలుసు" అంది అత్త.

"నాకు తెలుసు. కలుపుతుంటే చూశాను. చూసి కూడా, ఆ పళ్లెం నేనే పట్టుకెళ్లి అమ్మకు పెట్టాను."

నేను తెలిసే పెట్టానని అమ్మకు అప్పటిదాకా తెలియదు. ఆమె చేతిలో సూది సగం గుచ్చి ఆగిపోయింది. నా వైపు చూసింది. తర్వాత అత్త వైపు తిరిగి, మొదటిసారి ఎదురు చెబుతూ, "వెళ్లిపోండి" అంది.

వాళ్లు వెళ్లారు. అమ్మ నాతో ఆ రోజు మాట్లాడలేదు. మాట్లాడమని నేనూ అడగలేదు.