చెన్నప్ప పంచిన వక్కాకు

మంగళవారం మధ్యాహ్నం పన్నెండుంబావుకు చెన్నప్పను కార్యదర్శి పదవి నుంచి తీసేశారు. తీసేసింది ఆయన ఏరి పెట్టుకున్న బోర్డే. అది శిక్షణలో ఒక అభ్యాసం.

సంస్థ పేరు పసుల మేత సేవా సంఘం. కుందుర్పి నుంచి కర్ణాటక సరిహద్దుకు పోయే రోడ్డు మీద దానికి ఒక రేకుల గోడౌను, ఒక ఆఫీసు గది, ఒక జీపు ఉన్నాయి. వానలు పడని ఏడు బళ్లారి వైపు నుంచి వరిగడ్డి లారీల్లో తెప్పించి, గడ్డి కేంద్రం పెట్టి, చుట్టుపక్కల ఊళ్ల పశువులకు వేస్తుంది. ముప్పై ఏళ్ల కింద దాన్ని పెట్టింది చెన్నప్ప. అప్పటి నుంచీ ఆయనే కార్యదర్శి. బంధువులు పెళ్లిపత్రికలో ఆయన పేరు వేస్తే పక్కన ఊరి పేరు వేయరు, సంఘం పేరు వేస్తారు.

శిక్షణ ఆయన కోరింది కాదు. సంఘానికి సాయం చేసే బెంగళూరు ట్రస్టు ఈ ఏడు కొన్ని ప్రశ్నలు పంపింది. మీ బోర్డు ఎప్పుడైనా మీ ప్రతిపాదనను కాదన్నదా అన్నది అందులో ఒకటి. ఎప్పుడూ కాదనలేదని చెన్నప్ప రాసి పంపాడు. అది సంఘానికి మంచిపేరు తెచ్చే జవాబు అనుకున్నాడు. వారం తిరక్కుండా ట్రస్టు శిక్షకురాలిని పంపింది.

ఆమె పేరు హేమలత. హైదరాబాదు నుంచి వచ్చింది. చెన్నప్పనూ, బోర్డు సభ్యులు ఏడుగురినీ గోడౌనులో గుండ్రంగా కూర్చోబెట్టింది. ఉన్ని ఉండ ఒకటి తీసి, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి విసరమంది. ఉన్ని వలలా అల్లుకుంది. బోర్డు అంటే ఇదేనని చెప్పింది. ఆట అయ్యాక అధ్యక్షురాలు కదిరమ్మ ఉన్నినంతా మళ్లీ ఉండ చుట్టి తన సంచిలో వేసుకుంది. హేమలత అడగలేదు.

పన్నెండు గంటలకు రెండో అభ్యాసం మొదలైంది.

"మీ సంస్థకు ఒక డైరెక్టరు ఉన్నాడనుకోండి. ఆయన పనితీరు బాగాలేదు. ఉంచాలా, తీసేయాలా అన్నది మీరు తేల్చాలి."

"యెవురు పాపా వాడు?" అంది కదిరమ్మ.

"ఎవరూ కాదమ్మా. ఊహించుకోవాలి."

"యే ఊరు?"

"ఊరు లేదమ్మా."

"ఊరు లేనోణ్ణి తీసేస్తే యాడికి పోతాడు?"

గొర్రెల వ్యాపారం చేసే ఓబిలేష్ చెయ్యెత్తాడు. "వానికి పెండ్లాం బిడ్లు ఉండారా మేడమ్?"

హేమలత ఇంకో రెండు రకాలుగా చెప్పి చూసింది. ఆ మనిషి ఏం తప్పు చేశాడో తెలియకుండా మాట్లాడమని వాళ్లు తేల్చి చెప్పారు. భోజనాల వేళ దగ్గర పడుతోంది. చిత్రాన్నం, చెనిక్కాయ చట్నీ వచ్చి బయట ఉన్నాయి. చెన్నప్ప నవ్వి, "నా పేరే పెట్టుకోండప్పా. సుమ్నే, ఊరికే ఆటకే గదా," అన్నాడు.

ఇంతమందిలో ఇలా ముందుకొచ్చిన కార్యదర్శిని తాను చూడలేదని హేమలత అంది. ఆయన్ను గుండ్రం బయటికి పంపి, ఇక మాట్లాడకూడదని చెప్పింది. చెన్నప్ప పోయి గడ్డిమోపు మీద కూర్చున్నాడు.

"ఆయప్ప మంచోడే," అంది రామక్క. ఈమెది రోడ్డుకు ఎడంగా, గుట్ట అవతల ఉన్న బోడిగుట్టపల్లి. కూలికి పోతుంది.

మంచోడేనని అందరూ అన్నారు.

"మంచివాడా కాదా అన్నది అజెండాలో లేదండీ. ఆయన పని గురించి చెప్పండి," అంది హేమలత.

రామక్క కొంగు సర్దుకుంది. "పనంటే... గడ్డి కేంద్రం మా ఊర్లో ఉన్నింది. రోడ్డు మీదికి తెచ్చినాడు."

రెండేళ్ల కింద ఎండాకాలంలో జరిగిన సంగతి అది. ట్రస్టు వాళ్ల కారు గుట్ట ఎక్కలేకపోయింది. కేంద్రాన్ని చూడకుండానే వాళ్లు వెనక్కి పోయారు. తర్వాతి వారం చెన్నప్ప కేంద్రాన్ని గోడౌను పక్కకు మార్చాడు. బోడిగుట్టపల్లి పశువులు రోజూ గుట్ట దాటి రావలసి వచ్చింది. రామక్క చూడి ఆవు గుట్ట మీద పడుకుంది. మళ్లీ లేవలేదు.

"మార్చేముందు మిమ్మల్ని అడిగారా?" అంది హేమలత.

"అడగలే. చెప్పినాడు."

"నన్ను మాత్రం అడిగినాడా?" కదిరమ్మ గొంతు పెంచింది. "అక్కా, మీటింగు ఉండాది, వచ్చి చెయ్యెత్తిపో అన్నాడు. వచ్చినా. ఎత్తినా. పోయినా. అధ్యక్షురాలంటే అంతే గదా అనుకున్నా."

గడ్డిమోపు మీద నుంచి చెన్నప్ప వేలెత్తాడు.

"సార్, మీరు ఇక్కడ లేరు," అంది హేమలత.

ఓబిలేష్ కూడా రెండు మాటలన్నాడు. తర్వాత కదిరమ్మ, తీసేయాలనేవాళ్లు చెయ్యెత్తండి అని తానే ముందు ఎత్తింది. ఆరు చేతులు లేచాయి. కోశాధికారి ఐజాక్ రిటైరైన టీచరు, చెన్నప్పకు స్నేహితుడు. చెన్నప్ప ఆయన వైపు చూశాడు. ఐజాక్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, చెయ్యెత్తాడు.

హేమలత చప్పట్లు కొట్టింది. ఇదీ బోర్డంటే అంది.

అప్పుడు చెన్నప్ప లేచాడు. బీరువా తెరిచి స్టీలు పళ్లెం తీశాడు. తడిగుడ్డలో చుట్టిన ఆకులు విప్పి, ఒక్కో ఆకు మీద ఒక్కో వక్క పెట్టి, అధ్యక్షురాలితో మొదలుపెట్టి ఏడుగురికీ ఇచ్చాడు. చివరిది తాను నోట్లో వేసుకున్నాడు.

సంఘంలో తీర్మానం ముగిసేది అలాగే. మొదటి ఏడాది మూడు ఊళ్లవాళ్లు గడ్డి పంపకానికి ఒప్పుకుని సంతకాలు పెట్టి, తెల్లారి కొట్టుకున్నారు. సంతకం లెక్క కాదు, వక్కాకు తీసుకుంటేనే మాట అని అప్పుడు కట్టడి పెట్టింది చెన్నప్పే. వక్కాకు అందరి నోట్లో పడ్డాక ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. పళ్లెం తిప్పేది ఎప్పుడూ ఆయనే. ముప్పై ఏళ్లుగా చేతులు దిగిన వెంటనే ఆయన లేచి బీరువా తెరుస్తాడు.

అందరూ నమిలారు.

"ఇంగ జీపు తాళాలు ఈడ పెట్టప్పా," అంది కదిరమ్మ.

చెన్నప్ప నవ్వాడు. ఆమె చాచిన చెయ్యి తీయలేదు.

"అమ్మా, అభ్యాసం అయిపోయింది. ఇది నిజం కాదు," అంది హేమలత.

"చేతులు ఎత్తినేది సుమ్నే, పాపా. వక్కాకు సుమ్నే యెట్లయితాది?"

"అలవాటు కొద్దీ ఇచ్చినానక్కా. పొరపాటు," అన్నాడు చెన్నప్ప. ఆకు నోట్లోనే ఉంది. మాట సరిగ్గా రాలేదు.

"నువ్వు ఇచ్చినావు. మేం తీసుకున్నాం. నువ్వూ నములుతాండావు."

"అన్నా," అన్నాడు ఓబిలేష్, "కేంద్రం మార్చినప్పుడు రామక్క మర్నాడు వచ్చి అడిగింది. వక్కాకు తీసుకున్నాక ఇంగేం మాట్లాడతావమ్మా, పో, అన్నావు. నేను ఆడే ఉండా."

చెన్నప్ప ఐజాక్ వైపు చూశాడు.

"ఆటకే గదా అని ఎత్తినా చెన్నప్పా. నువ్వు పళ్లెం తెస్తావని నాకేం తెలుసు?" అన్నాడు ఐజాక్.

హేమలత బయటికి పోయి బెంగళూరుకు ఫోను చేసింది. కోరం ఉందా అని వాళ్లు అడిగారు. ఉందంది. అయితే బోర్డు నిర్ణయంలో ట్రస్టు కల్పించుకోదని చెప్పారు. ఈ సంఘం బోర్డు సొంతంగా నిర్ణయం చేయడం ఇదే మొదటిసారి అని కూడా అన్నారు.

చెన్నప్ప తాళాలు పళ్లెంలో పెట్టాడు. మధ్యాహ్నం శిక్షణ కొత్త నియామకాల మీద. అందులో కూర్చోడానికి ఆయనకు వీలు లేదు. ఇంటికి నడిచిపోయాడు.

భార్య వనజాక్షి వాకిట్లో చెనిక్కాయలు వలుస్తోంది. "యేంది, నడ్సుకుంటా వస్తాండావే? జీపు యాడ?"

"తీసేసినారు."

"జీపునా?"

"నన్ను."

"యెవురు?"

"మనోళ్లే."

"యేంటికి?"

"నేర్చుకునేదానికి."

వనజాక్షి ఇంకో కాయ వలిచింది. "బాగా నేర్చుకున్నారా?" అంది.

ఆ రాత్రి ఐజాక్ ఇంటికి వచ్చి, తీసేసిన మాట తిరగదని, కానీ కొత్తగా పెట్టుకునే మాట వేరే అని చెప్పాడు. అది కదిరమ్మే అన్నదట. హేమలత నేర్పినట్టే గోడౌను గోడ మీద కార్యదర్శి కావాలని ప్రకటన అంటించారు. చెన్నప్ప దరఖాస్తు పెట్టాడు. కళ్యాణదుర్గం నుంచి తిప్పేష్ అనే ఎంబీయే చదివిన పిల్లవాడు ఇంకోటి పెట్టాడు.

మూడో మంగళవారం ఇంటర్వ్యూలు జరిగాయి. చెన్నప్ప ఇన్నేళ్లు కూర్చున్న బల్ల వెనక కదిరమ్మ కూర్చుంది. ఇద్దరికీ మొదటి ప్రశ్న ఒకటే. ఈ ఏడు గడ్డి కేంద్రం యాడ పెట్టల్ల?

సర్వే చేసి చెప్తానన్నాడు తిప్పేష్. ఎన్ని దినాలు పడుతుందని రామక్క అడిగింది. మూడు నెలలన్నాడు. పశువులు అన్ని దినాలు ఉంటాయా అని ఓబిలేష్ అడిగాడు. తిప్పేష్ రాసుకున్నాడు.

చెన్నప్ప లోపలికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. రోడ్డు, లారీలు, వచ్చేపోయే కార్లు, అన్నీ కలిపి ఒక జవాబు ఆయన దగ్గర రెండేళ్లుగా సిద్ధంగా ఉంది. అడిగినవాళ్లందరికీ అదే చెప్పాడు.

"గడ్డి కేంద్రం యాడ పెట్టల్లప్పా?" అంది కదిరమ్మ.

"మీరు యాడ చెప్తే ఆడ."

"అది జవాబు కాదు. మేం చెప్పేదానికి నువ్వేంటికి? నీకు తెలుసా, తెలీదా?"

చెన్నప్ప రామక్క వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి గుట్ట చూస్తోంది.

"బోడిగుట్టపల్లిలో," అన్నాడు.

"ఏంటికి?"

"పసులు ఆడుండాయి."

"కార్లు?"

"కార్లు ఎక్కవు. ట్రాక్టరు ఎక్కుతాది. చూడల్ల అనుకునేటోళ్లు నడ్సి వస్తారు."

ఆయన్ను బయటికి పంపారు. పావుగంట తర్వాత పిలిచి, ఆరు నెలల ప్రొబేషన్ మీద తీసుకున్నామని కదిరమ్మ చెప్పింది. ప్రొబేషన్ అన్న మాట హేమలత నేర్పింది. ఏడు చేతులు లేచి, దిగాయి. చెన్నప్ప లేవబోయాడు.

"కూచో," అంది కదిరమ్మ.

పళ్లెం ఐజాక్ తెచ్చాడు. వక్కాకు మొదట రామక్క తీసుకుంది. చివరగా చెన్నప్ప తీసుకున్నాడు.

బుధవారం ఉదయం ఏడు గంటలకు మొదటి ట్రాక్టరు గడ్డి బోడిగుట్టపల్లిలో దిగింది. దింపించింది చెన్నప్ప. గుట్ట దాటి నడిచి వచ్చాడు. జీపు గోడౌను ముందే ఉంది. తాళాలు కదిరమ్మ దగ్గర ఉన్నాయి.