లాల్ బాషా నేసిన గోడ

పొద్దున్నే ఆరింటికి తాళాల గుత్తి నడుముకి దోపుకుని, ఆంజనేయస్వామికి ఒక దణ్ణం పెట్టి, దాంతోపాటు కోరికల జాబితా అప్పజెప్పి వార్డరు వీర్రాజు డ్యూటీ ఎక్కేవాడు. భీమవరానికి బదిలీ, మోకాలి నొప్పి తగ్గడం, ఇంటావిడ నోరు తగ్గడం. పదిహేనేళ్ళుగా అవే అడుగుతున్నాడు. ఇచ్చినవాటి ఊసు మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు.

ఏలూరు కచేరీ వెనకున్న ఆ చిన్న జైలుకి నాలుగు గదులు. మూడింట్లో దొంగలుండేవారు. పంతొమ్మిదివందల ముప్పై ఆరులో నాలుగోదాంట్లో లాల్ బాషాని పెట్టారు. ఆయన ఏ నేరమూ చెయ్యలేదు. తివాచీల షెడ్డులో రంగులు పిలిచే పని ఆయనది. "రెండు ఎరుపు, ఒక పచ్చ" అని ఆయన రాగం తీస్తే, మగ్గం ముందు కూర్చున్నవాళ్ళు ముళ్ళు వేసి "పడింది" అనాలి. ముప్పై ఏళ్ళు అలా పిలిచిన మనిషికి, ఒక్కగానొక్క కూతురు మశూచితో పోయాక మతి చెదిరింది. ఒకరోజు రైలు పట్టాల మధ్య నిలబడి మెయిలు బండికి రంగులు పిలిచాడు. పాపం, మెయిలు ఆగింది కూడా. పోలీసులు పట్టుకొచ్చారు. పిచ్చాసుపత్రిలో చోటు లేదన్నారు గనక, చోటున్న జైల్లో పెట్టారు.

అక్కడా ఆయన పిలుపు మానలేదు. కాకపోతే ఇప్పుడు దేవుడికి చెప్పుకునేవాడు. భార్య కమరున్నీసా తెచ్చిన అన్నానికి "నీ దయ, మూడు తెలుపు." వీర్రాజు పోసిన చెంబుడు నీళ్ళకి "నీ దయ, రెండు నీలం." కొల్లేటి కొంగలు కప్పు మీదుగా పోతే బూడిదరంగు. తలుపు బయటనుంచి కమరున్నీసా "పడింది" అనగానే, రోడ్డు వైపు గోడ మీద సున్నంలోంచి ఆ రంగు ఉన్నిముడి పైకొచ్చేది. జైల్లో ఎవరూ వింతపడలేదు. ఉన్ని మీద సున్నం నిలవడం లేదని వెల్లవేసే మనిషి మాత్రం రెండుసార్లు ఫిర్యాదు చేశాడు.

ఒక పూట కమరున్నీసాకి జ్వరం వచ్చి రాలేదు. లాల్ బాషా పిలిచి, జవాబు కోసం ఎదురుచూసి, చిన్నబోయి కూర్చున్నాడు. వీర్రాజు చూడలేక, అటూఇటూ చూసి, "పడిందండీ" అన్నాడు. షెడ్డులో ఆ మాటకి ఎవరూ అండీ చేర్చరు. ఆ సంగతి వీర్రాజుకేం తెలుసు. ఆ మర్యాదకో ఏమో, ఒక్కో ముడి పడాల్సిన చోట రెండేసి పడ్డాయి.

ఆ ఆదివారమే ఆర్డరు వచ్చింది. గురువారం పొద్దున్న లాల్ బాషాకి సంకెళ్ళు వేసి గోదావరి అవతలి పెద్ద జైలుకి పంపాలి. ఆసుపత్రిలో చోటు దొరికేదాకా అక్కడే. అది ఏడాదో, పదేళ్ళో ఎవరికీ తెలియదు. జ్వరం తగ్గి లేచి వచ్చిన కమరున్నీసా ఏడవలేదు.

"జ్వరం వచ్చిందని నన్నెవరూ జైల్లో పెట్టలేదు కదండీ. ఆయనకి వచ్చింది మాత్రం జబ్బు కాదాండీ?" అంది.

వీర్రాజుకి ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు లాల్ బాషా దగ్గరికెళ్ళి విషయం చెప్తే, ఆయన గోడ తడిమి చూసి, "ఇంకా అంచు మిగిలుంది. అంచు అయ్యాక తివాచీ కోసి దించాలి," అన్నాడు.

ఇక మూడు రోజులు జైలంతా ఒకటే గోల. పక్క గదుల్లోని దొంగలు కూడా గొంతు కలిపి "పడిందండీ" అన్నారు. అంత మర్యాద వాళ్ళు జన్మలో ఎవరికీ చూపించి ఉండరు. బుధవారం సాయంత్రానికి గోడంతా తివాచీ అయి, అంచు పూర్తయింది.

గురువారం పొద్దున్న సంకెళ్ళతో కానిస్టేబుళ్ళు వచ్చారు. వాళ్ళ వెనకే, పంపే కాగితం మీద సంతకం పెట్టడానికి సబ్ మేజిస్ట్రేటు గారూ వచ్చారు.

"వీర్రాజుగారూ, కత్తెర," అన్నాడు లాల్ బాషా.

ఖైదీ చేతికి ఇనుము ఇస్తే ఉద్యోగం ఊడుతుంది. వీర్రాజు ఇవ్వలేదు. తన ఇంటావిడ కత్తెర తెచ్చి, నొప్పి మోకాలితో తానే స్టూలెక్కి, కప్పు అంచునుంచి గోడని కోసేశాడు. గోడ మెత్తగా జారి మడతలు పడింది. గది నిండా ఎండ వచ్చింది. ఎదురుగా రోడ్డు, జట్కాలు. లాల్ బాషా కదల్లేదు. ఎండకేసి చూసి, "నీ దయ," అన్నాడు. ఆ ఒక్కసారి రంగు పిలవలేదు.

"పారిపోడేమయ్యా?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

"పారిపోయే మనిషి కాదండీ. అసలిక్కడ ఉండాల్సిన మనిషే కాదండీ," అన్నాడు వీర్రాజు స్టూలు మీదనుంచే.

మేజిస్ట్రేటు గారు వంగి తివాచీ చూశారు. తెలుపు, నీలం, కొంగల బూడిద. ఒక మూల నాలుగే నాలుగు నల్లముళ్ళు.

"ఇవేంటి?"

"మొన్న తనిఖీకి వచ్చినప్పుడు మీ గొడుగు నీడ కాసేపు నా మీద పడింది కదండీ," అన్నాడు లాల్ బాషా.

మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత, మూడు గోడల గదిలో మనిషిని ఉంచమని ఏ రూలూ లేదంటూ, భార్య సంరక్షణకి అప్పగిస్తున్నట్టు రాసి సంతకం పెట్టారు. కమరున్నీసా తివాచీ చుట్టి ఒక కొస పట్టుకుంది. రెండో కొస కానిస్టేబుల్ పట్టాడు.

లాల్ బాషాకి మతి పూర్తిగా కుదురుకోలేదు. ఇంటి అరుగు మీద కూర్చుని ఇప్పటికీ పిలుస్తుంటాడు, కమరున్నీసా పలుకుతుంటుంది. వీర్రాజుకి బదిలీ రాలేదు, మోకాలూ తగ్గలేదు. రోజూ పొద్దున్నే ఆ అరుగు ముందునుంచి కుంటుకుంటూ డ్యూటీకి పోతాడు. జాబితా మానేశాడు.

"ఇవాళ కూడా నడిపిస్తున్నావు స్వామీ, నీ దయ," అనుకుంటాడు పెదాల్లోనే.

అరుగు మీంచి లాల్ బాషా, "పడిందండీ," అంటాడు.